అంకెలలో దాగిన సత్యము

చాల సంవత్సరముల క్రిందట నేనొక పల్లెటూరి ఉన్నత పాఠశాలలో ప్రధానోపాధ్యాయుడనుగా నుంటిని. అచట ఎనిమిదవ తరగతి చదువుచున్న ఒక బాలుడు తరచుగా బడి మానుచుండెను. వాడు తెలివిగలవాడే గాని సోమరి యని నేను తలచితిని. ఒకనాడు తరగతిలో అందరి యెదుట వానిని గట్టిగా మందలించితిని. వాడు తలవంచుకొని నిలుచుండెనే గాని, ఒక్క మాటయైనను బదులు చెప్పలేదు.

ఆ సంవత్సరాంతమున నివేదిక వ్రాయుటకై హాజరుపట్టీలను ముందు వేసికొని కూర్చుంటిని. మొత్తములు కూడుటతో సరిపెట్టక, ఏ వారమునాడు ఎందరు రాలేదో వేరువేరుగా లెక్కించి చూచితిని. బడి మానిన దినములలో సగమునకు పైగా గురువారములే కనిపించెను. ఆ బాలుడొక్కడే కాదు, ఆ తరగతిలో మరికొందరును గురువారమునాడే మానుచుండిరి. గురువారము పొరుగూరిలో సంత. ఆనాడు తల్లిదండ్రులు కూరగాయల గంపలెత్తుకొని తెల్లవారుజాముననే బయలుదేరుదురు. ఇంటికడ చంటిబిడ్డలను, పశువులను కనిపెట్టుకొని యుండుట పెద్దపిల్లల పని. నేను సోమరితనమనుకొన్నది సోమరితనము కాదు, ఇంటి బరువు. ఆ పట్టీ యేడాది పొడవునను నా బల్లమీదనే యుండెను. నిజమందు వ్రాసియే యుండెను. దానిని అడుగవలసిన ప్రశ్నను నేనే అడుగనైతిని.

మరియొక సంగతి కూడ ఆ రాత్రియే నాకు తెలిసినది. ఒక ఉపాధ్యాయుడు సెలవులో నున్నందున రెండు వారములపాటు ఆ తరగతి హాజరు నేనే వేసితిని. పనుల తొందరలో కొన్ని దినములు పేర్లు పిలువక, తరువాత జ్ఞాపకమును బట్టి గీతలు గీసితిని. లెక్కకు కూర్చున్నప్పుడు ఆ దినములు నాకేమియు చెప్పలేకపోయెను. సత్యముగా వ్రాయని పట్టీ ఎంత పెద్దదైనను మూగదే యని నాకప్పుడు బోధపడెను.

నేడు ప్రపంచమందలి శాస్త్రజ్ఞులు పరిశోధనలు చేయు తీరే మారిపోవుచున్నది. ఆ మార్పునకు మూలమైన సూత్రములు ఈ చిన్న హాజరుపట్టీ కథలోనే కలవు. అవి యెట్టివో ఈ పాఠమున తెలిసికొందము.

ఏ విషయమును గూర్చియైనను చూచి, కొలిచి, లెక్కించి వ్రాసి యుంచిన వివరములకు దత్తాంశములని పేరు. వాడుకలో వీనినే డేటా యందురు. హాజరుపట్టీలోని గీతలు దత్తాంశములే. వర్షమాపకముతో కొలిచిన వాన, ఆసుపత్రిలో రోగి జ్వరమును గుర్తించిన పట్టిక, దూరదర్శిని తీసిన నక్షత్రముల ఛాయాచిత్రము, ఇవి యన్నియు దత్తాంశములే. వీనిని సమకూర్చుట, తప్పులు ఏరివేయుట, కంప్యూటరు సాయమున వీనిలోని క్రమమును కనుగొనుట, కనుగొన్న దానిని ఎంతవరకు నమ్మవచ్చునో నిర్ణయించుట, ఈ పనులన్నియు చేరిన విద్యయే దత్తాంశశాస్త్రము. గణితము, గణాంకశాస్త్రము, కంప్యూటరు విద్య దీనికి మూడు స్తంభములు.

పేరు క్రొత్తదే గాని పని ప్రాతది. పదునారవ శతాబ్దమున డెన్మార్కు దేశమందు టైకో బ్రాహి యను ఖగోళజ్ఞుడుండెను. అప్పటికి దూరదర్శిని లేదు. ఆయన పెద్దపెద్ద లోహయంత్రములను నిర్మించుకొని, హ్వెన్ అను చిన్న దీవిలో సుమారు ఇరువది యేండ్లు రాత్రివెంట రాత్రి గ్రహముల స్థానములను కంటితోనే చూచి, కొలిచి వ్రాసెను. 1601 లో ఆయన మరణింపగా ఆ లెక్కలు ఆయనకు సహాయకుడుగా నుండిన యోహానెస్ కెప్లరు చేతికి వచ్చెను. గ్రహములు వృత్తాకారమార్గములలో తిరుగునని ఆ కాలమువారి దృఢవిశ్వాసము. కెప్లరు అంగారకగ్రహపు లెక్కలను వృత్తముల కనుగుణముగా అమర్చ ప్రయత్నించెను. ఎంత శ్రమపడినను ఒకచోట ఎనిమిది కలల తేడా మిగిలెను. పున్నమిచంద్రుని వెడల్పు మన కంటికి సుమారు ముప్పది కలలుగా తోచును. అందులో నాలుగవవంతున కించుమించైన తేడా యన్నమాట.

మరియొకడైనచో ఆ స్వల్పభేదమును పాటింపక విడిచియుండును. కాని టైకో అంతటి పొరపాటు చేయువాడు కాడని కెప్లరునకు గట్టి నమ్మకము. లెక్కలో తప్పులేదు గనుక తన ఊహయే తప్పని యాతడు నిశ్చయించెను. కొన్ని సంవత్సరముల కృషి పిమ్మట గ్రహమార్గము వృత్తము కాదనియు, దీర్ఘవృత్తమనియు కనుగొని 1609 లో ప్రకటించెను. ఒకడు నిజాయితీతో వ్రాసిన అంకెలు మరియొకని చేత క్రొత్త జ్యోతిశ్శాస్త్రమునకు పునాది వేయించెను.

అంకెలు ప్రాణములను కాపాడిన కథ యింకొకటి కలదు. 1854 ఆగస్టు నెలాఖరున లండను నగరమందు బ్రాడ్ వీథి ప్రాంతమున కలరా చెలరేగెను. పది దినములలో ఐదువందలమందికి పైగా మరణించిరి. ఆ దినములలో చెడుగాలి వలన కలరా వచ్చునని పెక్కువైద్యులు నమ్ముచుండిరి. జాన్ స్నో అను వైద్యుడు మాత్రము నీటివలన వచ్చునని తలచెను. తలచినంతమాత్రమున లోకము నమ్మదు గదా! ఆయన మృతుల జాబితాను సంపాదించి, ఇల్లిల్లు తిరిగి, వారే నీరు త్రాగిరో విచారించెను. మృతులలో అధికసంఖ్యాకులు బ్రాడ్ వీథిలోని చేతిపంపు చుట్టును నివసించినవారే.

ఆయన అంతటితో ఆగలేదు. తన ఊహకు విరుద్ధముగా కనబడిన వానినే ముందుగా పరిశీలించెను. ఆ పంపు చేరువనే యున్న ఒక సారాయి కార్ఖానాలో పనివారెవ్వరును చనిపోలేదు. విచారింపగా వారు పంపునీరు త్రాగరనియు, కార్ఖానాకు వేరుగా బావి కలదనియు తెలిసెను. దూరమున హాంప్‌స్టెడ్ అనుచోట, కలరా యేమాత్రమును లేని ప్రదేశమున, ఒక వృద్ధురాలు కలరాతో మరణించెను. ఆమె బ్రాడ్ వీథి పంపునీటి రుచికి అలవాటుపడి, ఆ నీటినే ప్రతిదినము బండిమీద తెప్పించుకొనుచుండెనట! స్నో తన లెక్కలను చూపగా సెప్టెంబరు 8వ తేదీన అధికారులు ఆ పంపు పిడిని తీసివేయించిరి. అప్పటికే వ్యాధి కొంత తగ్గుముఖము పట్టియుండెనని స్నోయే దాచక వ్రాసెను. తనకు ప్రతికూలమైన మాటను సైతము దాపరికము లేక చెప్పుట నిజమైన పరిశోధకుని లక్షణము.

ఈ ఇద్దరి కథలలోను అంకెలు వందలో వేలో మాత్రమే. మానవుడొక్కడు కూర్చుండి చూడగలిగినన్ని. అయినను వానిని ఎంతవరకు నమ్మవలెనను ప్రశ్న అప్పుడును ఉండెను, ఇప్పుడును కలదు. దేశమందలి పొలములన్నింటిని కొలువలేము. కొన్నింటిని కొలిచి అన్నింటిని గూర్చి చెప్పవలెను. అన్నము ఉడికినదో లేదో చూచుటకు ఒక మెతుకు చాలునని మనవారందురు. కాని ఆ మెతుకు కుండ అడుగునుండి తీసినదా, పైనుండి తీసినదా? ఒక్కటి చాలునా, పది చూడవలెనా? చూచిన దానిలో ఎంత పొరపాటున కవకాశము కలదు? ఈ ప్రశ్నలకు గణితముతో సమాధానము చెప్పునదే గణాంకశాస్త్రము.

ఈ శాస్త్రమునకు ప్రపంచమున గట్టి పునాదులు వేసినవారిలో ఒకరు తెలుగువారగుట మనకు గర్వకారణము. కల్యంపూడి రాధాకృష్ణారావుగారు 1920 లో, నేడు కర్ణాటక రాష్ట్రమున నున్న హడగలిలో, తెలుగు కుటుంబమున జన్మించిరి. ఆంధ్ర విశ్వవిద్యాలయమున గణితము చదివి, పిమ్మట కలకత్తాలో ప్రశాంతచంద్ర మహలనోబిసు స్థాపించిన భారత గణాంకశాస్త్ర సంస్థలో చేరిరి. 1945 లో, ఇరువదియైదేండ్ల ప్రాయమున, వారొక వ్యాసమును ప్రకటించిరి. కొన్ని పరిశీలనల నుండి మనమొక విషయమును అంచనా కట్టునపుడు, ఎంత నేర్పుతో కట్టినను ఒక మేరకంటె తక్కువగా పొరపాటును తగ్గింపజాలమని వారందు నిరూపించిరి. మనకు తెలియనిది ఎంత యుండునో కొలుచుటకు ఆ సూత్రమొక కొలబద్ద. ఆ వ్యాసము వెలువడిన డెబ్బదియెనిమిది యేండ్లకు, 2023 లో, వారికి అంతర్జాతీయ గణాంకశాస్త్ర బహుమతి లభించెను. ఆ సంవత్సరముననే నూటరెండేండ్లు నిండిన వయస్సున వారు పరమపదించిరి. నేటి దత్తాంశశాస్త్రమును అభ్యసించు ప్రతి విద్యార్థియు వారి పేరును తప్పక చదువును.

ఇక నేటి మార్పు ఎట్టిదో చూతము. ఒక్క మాటలో చెప్పవలెనన్న, దత్తాంశములు మానవుని కంటికిని, ఆయువునకును మించిపోయినవి. చిలీ దేశమున నొక పర్వతముపై వేరా రూబిన్ వేధశాల కలదు. 2025 లో దాని తొలి చిత్రములు వెలువడినవి. ఒక్క రాత్రిలో అది సుమారు 20 టెరాబైట్ల దత్తాంశములను సమకూర్చును. ఒక టెరాబైటనగా లక్షకోట్ల అక్షరములు పట్టునంత. టైకో తన జీవితకాలమున వ్రాసినది దీని ముందు సముద్రమున నీటిబొట్టు. ఇట్టి రాశిని మానవుడు పుటవెంట పుట చదువలేడు. కంప్యూటరే చదువవలెను.

రెండవ మార్పు, దత్తాంశములను దాచుకొనక పంచుకొనుట. పూర్వము శాస్త్రజ్ఞులు తమ లెక్కలను తమ పెట్టెలలోనే భద్రపరచుకొనుట వాడుక. 1990 లో ఆరంభమైన మానవ జన్యుపటల పరిశోధనలో పెక్కుదేశములవారు పాల్గొనిరి. మన శరీరకణములలో దాగిన సుమారు 300 కోట్ల అక్షరముల జన్యులిపిని చదువుట వారి లక్ష్యము. తాము చదివిన భాగములను ఇరువదినాలుగు గంటలలో అందరికిని తెలియునట్లు ప్రకటింపవలెనని 1996 లో వారొక నియమము చేసికొనిరి. 2003 లో ఆ పని ముగిసినట్లు ప్రకటించిరి. అప్పటికిని చదువుటకు వీలుకాక మిగిలిన భాగములను 2022 నాటికి పూర్తిచేసిరి. దాచిన విత్తనము గాదెలోనే పుచ్చిపోవును. చల్లిన విత్తనము పంటయగును.

మూడవ మార్పు అన్నింటికంటె వింతయైనది. యంత్రము తానే ఉదాహరణములనుండి నేర్చుకొనుట. దీనిని అర్థము చేసికొనుటకు ప్రోటీనుల కథను వినవలెను.

మన శరీరమందలి పనులను చాలవరకు నిర్వహించునవి ప్రోటీనులు. వీనినే మాంసకృత్తులని కూడ అందురు. ఇరువదిరకముల పూసలతో గ్రుచ్చిన దండవంటిది ప్రోటీను. ఆ పూసలకు ఎమినో ఆమ్లములని పేరు. దండ తిన్నగా నుండక, తనంత తాను ముడుచుకొని యొక విశేషమైన ఆకారమును పొందును. ఆ ఆకారమును బట్టియే దాని పని. పూసలలో ఒక్కటి మారినను కీడు కలుగవచ్చును. మన నెత్తురులో ప్రాణవాయువును మోయు హీమోగ్లోబినులో నొక దండకు 146 పూసలుండును. అందులో ఒక్క పూస మారినందున ఎర్రకణములు కొడవలివలె వంగిపోవు వ్యాధి కలదు. దానినే సికిల్ సెల్ వ్యాధి యందురు. మన ఏజెన్సీ ప్రాంతములలోని గిరిజన కుటుంబములు పెక్కు దీనివలన బాధపడుచున్నవి. కనుక ప్రోటీనుల ఆకారమును తెలిసికొనుట కేవలము వినోదము కాదు. రోగములను తెలిసికొనుటకును, మందులను కనుగొనుటకును అది యవసరము.

కాని ఆ ఆకారమును చూచుట సులభము కాదు. ప్రోటీనును స్ఫటికముగా మార్చి, దానిపై ఎక్సు కిరణములను ప్రసరింపజేసి, ఆ ఫలితమునుండి లెక్కకట్టవలెను. మాక్సు పెరూట్జు అను శాస్త్రజ్ఞుడు ఇంగ్లండులో హీమోగ్లోబిను ఆకారమును కనుగొనుటకు ఇరువది సంవత్సరములకు పైగా శ్రమించెను. 1962 లో ఆయనకు నోబెలు బహుమతి లభించెను. మద్రాసులో జి.ఎన్. రామచంద్రన్‌గారు, తమ సహచరులతో కలిసి, ఆ దండ ఏ కోణములలో వంగగలదో, ఏ కోణములలో వంగలేదో లెక్కించి 1963 లో నొక పటమును ప్రకటించిరి. ఎచటనైనను క్రొత్త ప్రోటీను ఆకారమును కనుగొన్నచో అది సరియైనదో కాదో నేటికిని ఆ పటముతో సరిచూచుచున్నారు.

1971 లో ఈ ఆకారములన్నింటిని భద్రపరచుటకు అమెరికాలో ప్రోటీన్ డేటా బ్యాంకు అను భాండాగారమును స్థాపించిరి. నాడు అందున్నవి ఏడు ఆకారములు మాత్రమే. ప్రపంచపు నలుమూలలనుండి శాస్త్రజ్ఞులు తమ శ్రమఫలమును అందు చేర్చుచు వచ్చిరి. అర్ధశతాబ్దము గడచునప్పటికి అవి లక్షన్నరకు మించినవి. ఎవరైనను వెల లేక వానిని చూడవచ్చును.

పూసల వరుసను మాత్రము చూచి, ప్రయోగము చేయకయే, దండ ఆకారమును చెప్పగలమా? ఈ సమస్య శాస్త్రజ్ఞులను అయిదు దశాబ్దములు వేధించెను. 1994 నుండి రెండేండ్లకొకసారి దీనికొక పోటీని నడుపుచున్నారు. ప్రయోగశాలలో ఆకారము తెలిసినను లోకమునకింకను వెల్లడికాని ప్రోటీనులను అందు ప్రశ్నలుగా నిత్తురు. జవాబు ముందుగా పోటీదారులెవరికిని తెలియదు గనుక ఇది నిక్కమైన పరీక్ష. 2020 లో జరిగిన పోటీలో డెమిస్ హసాబిస్, జాన్ జంపర్ మొదలగువారు నిర్మించిన ఆల్ఫాఫోల్డ్ అను కంప్యూటరు విధానము, పెక్కు ప్రశ్నలకు ప్రయోగఫలితములతో ఇంచుమించు సరిపోలునట్టి జవాబులు చెప్పెను. 2022 నాటికి ఇరువదికోట్లకు పైగా ప్రోటీనుల ఆకారములను అది అంచనా కట్టెను. 2024 లో హసాబిస్, జంపర్లకును, క్రొత్త ప్రోటీనులను రూపొందించిన డేవిడ్ బేకరునకును రసాయనశాస్త్రమున నోబెలు బహుమతి నిచ్చిరి.

ఆ యంత్రము ఎట్లు నేర్చుకొనెను? మీరు అక్షరములు నేర్చుకొన్నట్లే. అయ్యవారు పలకమీద అక్షరము వ్రాసి చూపుదురు. మీరు దిద్దుదురు. తప్పినచో సవరింతురు. యంత్రమునకు కూడ ఒక పూసల వరుసను చూపి ఆకారమును ఊహింపుమందురు. ఊహకును నిజమునకును గల తేడాను కొలిచి, ఆ తేడా తగ్గునట్లు లోపలి లెక్కలను కొంచెము సవరింతురు. ఇట్లు లెక్కలేనన్ని పర్యాయములు జరుగును. అయితే దిద్దుటకు ఒజ్జబంతి యుండవలెను గదా! భాండాగారమందలి ఆకారములే దానికి ఒజ్జబంతి. అవి లేనిచో ఎంతటి యంత్రమైనను ఏమియు నేర్చియుండదు. ఒక్కొక్క స్ఫటికముకడ నెలల తరబడి కనిపెట్టుకొని కూర్చున్న వేలకొలది పరిశోధకుల ఓర్పు ఆ విజయమున దాగియున్నది. యంత్రము చెప్పినదియు అంచనాయే. అందుచేతనే తన అంచనా ఏ భాగమున గట్టిదో, ఏ భాగమున బలహీనమో అది గుర్తువేసి చూపును. ముఖ్యమైన పట్టున శాస్త్రజ్ఞులు మరల ప్రయోగము చేసి సరిచూచుకొందురు.

ఇన్ని మేలులు విని, దత్తాంశములు రాశిగా నున్నచో చాలును, సత్యము తనంత తానే బయటపడునని తలంపరాదు. 2008 లో గూగుల్ సంస్థ అమెరికాలో ఫ్లూ జ్వరము ఎంత వ్యాపించినదో చెప్పుటకు ఒక విధానమును ప్రారంభించెను. జ్వరము వచ్చినవారు ఆ జ్వరమును గూర్చి కంప్యూటరులో వెదకుదురు గదా! ఆ వెదకుటలను లెక్కించిన, వైద్యుల నివేదికలకంటె ముందుగానే వ్యాధి సంగతి తెలియునని వారి యాలోచన. మొదట అది సరిపోయినట్లే తోచెను. కాని 2012-13 శీతకాలమున అది చెప్పిన లెక్క, వైద్యుల నివేదికలలోని లెక్కకు ఇంచుమించు రెట్టింపయ్యెను. వార్తలలో జ్వరమును గూర్చి చదివి భయపడినవారును వెదకుదురు. వెదకినవారందరును రోగులు కారు. అదిగాక, అమెరికాలో శీతకాలముననే పాఠశాలల బాస్కెట్‌బాల్ పోటీలును జరుగును. జ్వరపు లెక్కతోబాటు ఆ ఆటను గూర్చిన వెదకుటలును పెరుగుచుండెను. జ్వరమునకును ఆటకును సంబంధమేమి? తుదకు 2015 లో ఆ అంచనాలను ప్రకటించుట మానివేసిరి.

కప్పలు అరచిన వాన కురియునని మన పల్లెలలో అందురు. అది చాలవరకు నిజమే. కాని కప్పల నోళ్లు మూయించిన వాన ఆగదు. రెండు సంగతులు కలిసి నడచినంతమాత్రమున ఒకటి రెండవదానికి కారణము కానేరదు. కారణమును విచారించి తెలిసికొనుట మానవుని పని. జాన్ స్నో ఇల్లిల్లు తిరిగినది అందుకే. యంత్రము పటమును గీసి చూపగలదు. ఆ సారాయి కార్ఖానావారు ఏల చావలేదని తలుపు తట్టి యడుగవలెనన్న మనిషి కావలెను.

మరియొక జాగ్రత్తయు కలదు. దత్తాంశములలో ప్రతి యంకె వెనుకను ఒక మనుష్యుడుండవచ్చును. రోగి తన వ్యాధిని నమ్మకముతో వైద్యునకు చెప్పుకొనును. అతని అనుమతి లేక ఆ వివరములను బయటపెట్టుట ద్రోహము. కొందరిని మాత్రమే పరీక్షించి అందరికిని ఒకే నియమము చెప్పినచో, లెక్కలోనికి రానివారికి అన్యాయము జరుగును. పట్టీలో పేరు లేని బాలుని సంగతి హాజరు లెక్కలో ఎన్నటికిని కనబడదు గదా!

ఈ క్రొత్త విధానమున ప్రశ్నించువారికి ఎంత విలువ కలదో చెప్పుటకు ఒక చిన్న కథ. ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయమున కెవిన్ షవిన్‌స్కీ అను పరిశోధకుడు నక్షత్రమండలముల చిత్రములను ఆకారమును బట్టి వేరుచేయవలసి వచ్చెను. ఒక వారములో యాబదివేల చిత్రములను చూచి అలసిపోయెను. ఇంకను లక్షలకొలది మిగిలియుండెను. 2007 లో ఆయనయు, మిత్రులును ఆ చిత్రములను ఇంటర్నెట్టులో నుంచి, ఎవరైనను వచ్చి సాయపడవచ్చునని ప్రకటించిరి. దానికి గెలాక్సీ జూ అని పేరు. లక్షమందికి పైగా సామాన్యులు ముందుకు వచ్చిరి. వారిలో హానీ వాన్ ఆర్కెల్ అను హాలండు దేశపు ఉపాధ్యాయిని యొకరు. ఒక చిత్రమున నక్షత్రమండలము చెంత రంగుగల మచ్చవంటిది ఆమె కంటబడెను. ఆమెను అడిగినది మండలము ఆకారమును గూర్చియే. ఆ మచ్చను విడిచిపెట్టినను తప్పు పట్టువారు లేరు. కాని "ఇదేమి?" అని ఆమె యడిగెను. శాస్త్రజ్ఞులు పరిశీలింపగా, అదొక నక్షత్రమండలమంత పెద్దదైన వాయుమేఘమని తేలెను. అట్టిది అంతకుముందెవ్వరును గుర్తించియుండలేదు. దాని కామె పేరే పెట్టిరి.

చూచితిరా! దూరదర్శిని చూచినది, కంప్యూటరు దాచినది, గాని ప్రశ్న వేసినది ఒక బడిపంతులమ్మ. నేడు అట్టి భాండాగారములు అనేకములు అందరికిని తెరచియున్నవి. పరిశోధనాలయపు తలుపు మునుపటికంటె వెడల్పుగా తెరవబడినది. మీరును ఒకనాడు అందు ప్రవేశింపవచ్చును.

అందుకై ఇప్పుడే అలవరచుకొనవలసినవి మూడు. చూచినది చూచినట్లే వ్రాయుట మొదటిది. వ్రాసినదానిని తగిన ప్రశ్న అడుగుట రెండవది. వచ్చిన జవాబును తొందరపడి నమ్మక సరిచూచుకొనుట మూడవది. మీ యూరిలో కురిసిన వానను ఒక యేడాది దినదినమును కొలిచి వ్రాసి చూడుడు. ఒక్కనాడును తప్పక, ఒక్క అంకెయు కల్పింపక వ్రాయుట ఎంత కష్టమో, దానివలన ఎంత తెలియునో మీకే బోధపడును.

ఇక నా విద్యార్థి మాట. ఆ మరునాడే నేను వాని నందరి యెదుట పిలిచి, తప్పు నాదని ఒప్పుకొంటిని. గురువారము జరుగు పరీక్షలను శుక్రవారమునకు మార్చితిని. సంతనాటి పాఠములను మరునాటి సాయంకాలము మరల చెప్పించితిని. తరువాతి సంవత్సరమున ఆ బాలుని పేరు ఉత్తీర్ణుల జాబితాలో నుండెను. హాజరుపట్టీని ఎన్నడు తెరచినను, మొత్తము కూడుటకు ముందు గురువారపు వరుసపై వ్రేలుంచి చూచుట నాకు నాటినుండి అలవాటయ్యెను.